పునర్ధ్రువీకరించు: అర్థం, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

కార్యాలయ లేఖలు రాసేవారు, వార్తలను తెలుగులోకి తెచ్చేవారు, యాప్‌ల తెరల మీద తెలుగు మాటలు కూర్చేవారు ఈ క్రియ దగ్గరకు వచ్చేసరికి తరచుగా ఆగిపోతుంటారు. వర్ణక్రమం ఏది సరైనదో, ఏ విభక్తి పెట్టాలో, అసలు ఇంత బరువైన మాట అవసరమో కాదో తేల్చుకోలేక అవే సందేహాలను పదే పదే అడుగుతున్నందున వాటన్నింటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా నిలిచేలా రాశాను కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు.

## అర్థం తెలుసుకునే దశలో

‘పునర్ధ్రువీకరించు’ అంటే కచ్చితంగా ఏమిటి?

ఇంతకుముందే ఒకసారి ధ్రువపడిన విషయం ఇప్పటికీ అలాగే ఉందని మరోసారి ధ్రువపరచడమే దీని అర్థం. అంటే, ఈ క్రియను వాడాలంటే మొదటి ధ్రువీకరణ ఒకటి జరిగి ఉండాలి. ‘మొదటిసారి ఎవరు ధ్రువీకరించారు, ఎప్పుడు?’ అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి. చెప్పలేని పక్షంలో అక్కడ ‘ధ్రువీకరించు’ సరిపోతుంది, ‘పునః’ అక్కరలేదు. ఈ క్రియతో వచ్చే పొరపాట్లలో చాలా భాగం ఇక్కడే పుడతాయి: రాసేవారు మాటకు గాంభీర్యం కోసం ‘పునర్’ చేరుస్తారు, చదివేవారు మాత్రం తమకు తెలియని మొదటి ధ్రువీకరణ ఏదో ఉందనుకుని దాని కోసం వెతుకుతారు.

ఒకసారి ధ్రువపడ్డాక మళ్లీ ధ్రువపరచడం ఏమిటి? అర్థం లేని మాట కాదా?

సందేహం సహేతుకమైనదే. ‘ధ్రువ’ అంటే కదలనిది, స్థిరమైనది. సంస్కృత వ్యాకరణంలోని చ్వి ప్రత్యయం వల్ల ‘ధ్రువీకరణ’ ఏర్పడింది. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం ఆ ప్రత్యయం తెచ్చే అర్థం. స్పష్టం కానిదాన్ని స్పష్టం చేయడం స్పష్టీకరణ, సరళం కానిదాన్ని సరళం చేయడం సరళీకరణ అయినట్లే, స్థిరపడనిదాన్ని స్థిరపరచడం ధ్రువీకరణ. మరి స్థిరపడినదాన్ని మళ్లీ స్థిరపరచడం ఎందుకంటే, కాలం గడిచేకొద్దీ పరిస్థితులు మారవచ్చు గనుక. ఒకప్పుడు చాలా విమానయాన సంస్థలు, టికెట్ ఖరారైన ప్రయాణికులు కూడా బయలుదేరడానికి 72 గంటల ముందు ఫోన్ చేసి తాము వస్తున్నట్లు మళ్లీ చెప్పాలని నిబంధన పెట్టేవి. టికెట్ మొదటే ధ్రువపడింది. ప్రయాణికుడి ఉద్దేశం మారలేదని తెలియడం కోసమే రెండో ధ్రువీకరణ. కంప్యూటర్ వ్యవస్థలు విస్తరించాక ఆ నిబంధన చాలావరకు కనుమరుగైంది గాని, ఈ క్రియ ఎందుకు పుట్టిందో చూపడానికి అంతకన్నా తేటైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ధ్రువీకరించడం, నిర్ధారించడం రెండూ ఒకటే కదా?

కొన్ని వాక్యాల్లో ఒకదానికి బదులు మరొకటి ఇమిడిపోతుంది గాని, రెండూ ఒకటి కావు. నిర్ధారణ అంటే పరీక్షించి, విచారించి ఒక నిర్ణయానికి రావడం. అందుకే వ్యాధి నిర్ధారణ అంటాం, నిజనిర్ధారణ కమిటీ అంటాం. ధ్రువీకరణ అంటే, తెలిసినవారో అధికారం ఉన్నవారో ‘ఇది నిజమే’ అని పూచీ పడడం. అందుకే జనన ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం అంటాం. వైద్యుడు రెండో పరీక్ష చేయించి అదే వ్యాధి అని తేల్చితే అది పునర్నిర్ధారణ. ఆసుపత్రి వారు ‘మా నివేదికలో ఉన్నది నిజమే’ అని బీమా సంస్థకు రెండోసారి రాసి ఇస్తే అది పునర్ధ్రువీకరణ. మొదటిదానిలో కొత్తగా వెతకడం ఉంది. రెండోదానిలో ఉన్న మాటకు పూచీ పడడం ఉంది.

మరి ‘పునరుద్ఘాటించు’ వాడితే సరిపోదా?

ఆ క్రియ వేరే పనికి ఉంది. తెలుగులో ‘ఉద్ఘాటించు’ అంటే ఒక అభిప్రాయాన్నో వైఖరినో గట్టిగా ప్రకటించడం. (సంస్కృతంలో ‘ఉద్ఘాటన’కు తెరవడమని అర్థం, హిందీలో అదే మాట ప్రారంభోత్సవానికి వాడతారు; తెలుగులోకి వచ్చేసరికి అర్థం ఇటు మళ్లింది.) కాబట్టి ‘బకాయిలు చెల్లిస్తామని మంత్రి పునరుద్ఘాటించారు’ అనడం సహజం, ఎందుకంటే అక్కడ మంత్రి తన హామీని మళ్లీ నొక్కి చెబుతున్నారు. ‘బకాయిల మొత్తాన్ని అధికారి పునర్ధ్రువీకరించారు’ అన్నప్పుడు లెక్క సరిగ్గానే ఉందని అధికారి రెండోసారి పూచీ పడుతున్నారు. మాటకు కట్టుబడడం ఉన్నచోట పునరుద్ఘాటన, వాస్తవానికి పూచీ పడడం ఉన్నచోట పునర్ధ్రువీకరణ.

ఖరారు, ఖాయం, రూఢి అనే మాటలు ఏ సందర్భానికి?

‘ఖరారు’ నిర్ణయాలకు సరిపోతుంది: తేదీ, ధర, అభ్యర్థి పేరు. ‘ఖాయం’ సంభాషణకు దగ్గరి మాట, జరిగి తీరుతుందన్న నమ్మకాన్ని చెబుతుంది. ‘రూఢి’ విన్న సంగతి నిజమని తేలడానికి: ‘ఆ వార్త ఇంకా రూఢి కాలేదు’.

కోర్టు వార్తల్లో కనిపించే ధ్రువీకరణ కూడా ఇదేనా?

కాదు. సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించేవరకు అమలు చేయరాదని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 366వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ ఏర్పాటు ఉంది. ఇక్కడ సెషన్స్ కోర్టు చేసినది శిక్ష విధించడం, హైకోర్టు చేసేది ధ్రువీకరించడం. ధ్రువీకరణ అన్నది మొదటిసారి జరుగుతున్నది హైకోర్టులోనే కాబట్టి ‘పునర్’ చేర్చకూడదు. పత్రికలు ‘ఉరిశిక్ష ఖరారు’ అని రాసేది దీన్నే. రెండు కోర్టులు ఒకే తీర్పు ఇచ్చాయి కదా అని ‘పునర్ధ్రువీకరించింది’ అని రాస్తే చట్టపరమైన అర్థమే మారిపోతుంది.

## అక్షరాలు రాసే దశలో

ధ్రువీకరణా, ధృవీకరణా?

‘ధ్రువీకరణ’ సరైనది. మూలపదం ‘ధ్రువ’, ధ-కారానికి ర-వత్తు, దాని మీద ఉకారం. ‘ధృ’ ఉన్నవి వేరే మాటలు: ధృతి, ధృతరాష్ట్రుడు. ఉచ్చారణలో రెండూ దగ్గరగా వినిపించడం వల్ల ‘ధృవీకరణ పత్రం’ అని ఫారాల మీద, బోర్డుల మీద కూడా కనిపిస్తుంటుంది గాని, అది ఎంత విస్తరించినా మూలాన్ని బట్టి తప్పే. ‘వీ’ దీర్ఘం కూడా మరువకూడదు. ‘ధ్రువికరణ’ అనే మాట లేదు.

‘పునః ధ్రువీకరణ’ అని విడిగా రాయకూడదా?

సమాసంగా రాసేటప్పుడు ‘పునర్ధ్రువీకరణ’ అనే రాయాలి. ఈ అవ్యయం అసలు రూపం రేఫాంతమైన, అంటే ‘ర్’తో ముగిసే ‘పునర్’. దాని తరువాత అచ్చు గాని, గ, జ, ద, ధ, బ, వ వంటి నాదాక్షరం గాని వస్తే రేఫ నిలుస్తుంది: పునరాలోచన, పునర్జన్మ, పునర్వివాహం. క, ప, స వంటివి వస్తే విసర్గ కనిపిస్తుంది: పునఃపరిశీలన, పునఃప్రారంభం. చ వస్తే పునశ్చరణ అవుతుంది. ‘మనః’ తరువాత ‘బలం’ చేరితే మనోబలం అవుతుంది కదా, అలాగే ‘పునోధ్రువీకరణ’ ఎందుకు కాదని కొందరు అడుగుతారు. మనస్ సకారాంతం, పునర్ రేఫాంతం. అందువల్ల ఆ ఓకారం ఇక్కడ రాదు. అంతర్జాతీయంలోని ‘అంతర్’ కూడా పునర్ లాంటిదే.

‘ర్ధ్రు’ అనే ముద్ద చదవడానికి కష్టంగా ఉంది. ఏదైనా మార్గం ఉందా?

ఉంది. కొందరు ‘పునర్‌ధ్రువీకరణ’ అని రేఫను విడదీసి టైప్ చేస్తారు. చిన్న తెరల మీద అది స్పష్టంగా కనిపిస్తుంది, తప్పు కూడా కాదు. ఒకే పత్రంలో రెండు రూపాలూ కలపకుండా ఉంటే చాలు. కంటికి మరీ బరువుగా ఉన్నదనిపించినచోట ‘మరోసారి ధ్రువీకరించు’ అని రాయడం అన్నింటికన్నా మేలు. అర్థంలో ఏమీ తగ్గదు.

దీన్ని పోలిన మాటల్లో జాగ్రత్తపడవలసినవి ఏమిటి?

‘పునరుద్ధరించు’ ఒకటి ఉంది. అది పాడైనదాన్ని, ఆగిపోయినదాన్ని తిరిగి నిలబెట్టడం. విద్యుత్ సరఫరా పునరుద్ధరణ అంటాం, గడువు తీరిన లైసెన్సు పునరుద్ధరణ అంటాం. ద్ధ, ద్ఘ తారుమారైతే పునరుద్ధరణ, పునరుద్ఘాటన కలగలిసిపోతాయి, అచ్చుతప్పులు దిద్దేవారి కన్ను కూడా దాటిపోతాయి. గడువు తీరినదానికి కావలసింది పునరుద్ధరణే గాని పునర్ధ్రువీకరణ కాదు. పునర్ధ్రువీకరించగలిగేది ఇంకా చెల్లుబాటులో ఉన్నదాన్ని మాత్రమే.

## వాక్యంలో పెట్టే దశలో

‘పునర్ధ్రువీకరించాను’, ‘పునర్ధ్రువీకరించుకున్నాను’: ఏది ఎప్పుడు?

ఈ ఒక్క తేడా పట్టుబడితే ఈ క్రియ సగం పట్టుబడినట్లే. సమాచారం నా దగ్గర ఉండి, ఎదుటివారికి పూచీ ఇస్తే ‘పునర్ధ్రువీకరించాను’. సమాచారం వారి దగ్గర ఉండి, నా సందేహం తీరడానికి నేను అడిగి తెలుసుకుంటే ‘పునర్ధ్రువీకరించుకున్నాను’. చెప్పు–చెప్పుకొను, వండు–వండుకొను జంటల్లో ఫలితాన్ని కర్త వైపు తిప్పే ‘కొను’ ఇక్కడా అదే పని చేస్తుంది.

ఒక హోటల్ గది విషయమే తీసుకోండి. ‘గది బుకింగ్‌ను పునర్ధ్రువీకరించాం’ అని హోటల్ వారు రాస్తారు. ‘గది బుకింగ్‌ను పునర్ధ్రువీకరించుకున్నాం’ అని ప్రయాణికులు రాస్తారు. ప్రయాణికులు ‘కొను’ వదిలేసి రాస్తే, హోటల్ ఇవ్వవలసిన పూచీని వారే ఇచ్చినట్లవుతుంది. ఇతర భాషల నుంచి అనువదించేటప్పుడు మూలంలో ఒకే క్రియ ఉంటుంది కాబట్టి ఈ భేదం తేలిగ్గా జారిపోతుంది. వాక్యం రాసిన వెంటనే ‘పూచీ ఎవరిది, సందేహం ఎవరిది?’ అని చూసుకోవడం అవసరం.

మనిషికి ఏ విభక్తి పెట్టాలి? ‘ఆయనను పునర్ధ్రువీకరించాను’ అనవచ్చా?

అనకూడదు. ద్వితీయా విభక్తి ధ్రువపడే విషయానికి చెందుతుంది: తేదీని, మొత్తాన్ని, చిరునామాను. మనిషికి సందర్భాన్ని బట్టి వేరే విభక్తి వస్తుంది. నేను పూచీ ఇచ్చినప్పుడు ‘ఆయనకు తేదీని పునర్ధ్రువీకరించాను’. నేను తెలుసుకున్నప్పుడు ‘ఆయనను అడిగి తేదీని పునర్ధ్రువీకరించుకున్నాను’ లేదా ‘ఆయన ద్వారా’. రెండో వాక్యంలో ‘ఆయనను’ అన్నది ‘అడిగి’ అనే క్రియకు చెందిందే గాని పునర్ధ్రువీకరణకు కాదు.

‘వస్తారని’ రాయాలా, ‘వస్తారో లేదో’ రాయాలా?

రెండూ సరైనవే, చెప్పే సంగతి వేరు. ‘ముఖ్య అతిథి వస్తారని పునర్ధ్రువీకరించారు’ అంటే జవాబు తేలిపోయింది, అది అవును. ‘ముఖ్య అతిథి వస్తారో లేదో పునర్ధ్రువీకరించుకోండి’ అంటే జవాబు ఇంకా తేలలేదు, అడగాలి. అందువల్ల ‘ధ్రువీకరించు’తో ‘అని’, ‘ధ్రువీకరించుకొను’తో ‘ఓ లేదో’ ఎక్కువగా జతకడతాయి. ‘వస్తారో లేదో పునర్ధ్రువీకరించారు’ అని వార్తలో రాస్తే, ఏమని ధ్రువీకరించారో చదివినవారికి తెలియదు. జరిగిపోయిన పని గురించైతే ‘–నట్లు’ హుందాగా ఉంటుంది: ‘సొమ్ము అందినట్లు బ్యాంకు పునర్ధ్రువీకరించింది’.

వ్యతిరేకార్థంలో చిక్కు వస్తుందంటారు, ఏమిటది?

‘తేదీని పునర్ధ్రువీకరించలేదు’ అన్న వాక్యాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. రెండోసారి అడగలేదు గాని మొదటి తేదీ నిలిచే ఉందన్నది ఒకటి. అడిగారు గాని వారు ఒప్పుకోలేదు, కాబట్టి తేదీ సందేహంలో పడిందన్నది రెండోది. ఈ రెండింటి ఫలితాలు పూర్తిగా వేరు కాబట్టి ఇక్కడ పొదుపు పనికిరాదు. ‘మొదట చెప్పిన తేదీయే ఉంది, మళ్లీ అడగలేదు’ అనో, ‘మళ్లీ అడిగినా తేదీని ధ్రువీకరించలేదు’ అనో విప్పి రాయాలి.

‘పునర్ధ్రువీకరించబడింది’ అనే రూపం వాడవచ్చా?

వ్యాకరణం అడ్డు చెప్పదు గాని వాడుక ఇష్టపడదు. ఎవరు ధ్రువీకరించారో చెప్పగలిగితే కర్తను పెట్టి కర్తరిలో రాయాలి. పూచీ ఎవరిదన్నదే ఈ క్రియకు ప్రాణం కాబట్టి కర్తను దాచే వాక్యం ఇక్కడ మరింత బలహీనపడుతుంది. కర్త నిజంగా అవసరం లేని యాప్ సందేశాల్లో ‘మీ ఫోన్ నంబరు ధ్రువీకరణ పూర్తయింది’ అనడం చక్కగా ఉంటుంది.

## మాటల్లో, ఉత్తరాల్లో వాడే దశలో

మాట్లాడేటప్పుడు ‘పునర్ధ్రువీకరించుకో’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఏమనాలి?

ఎబ్బెట్టుగానే ఉంటుంది, ఇది రాతకోసం ఉన్న మాట. నోటితో ‘మరోసారి కనుక్కో’, ‘ఒకటికి రెండుసార్లు చూసుకో’, ‘ఇంకోసారి అడిగి ఖాయం చేసుకో’ అంటాం. ‘రీకన్ఫర్మ్ చేసుకో’ అన్నదీ ఆఫీసు మాటల్లో స్థిరపడిపోయింది, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అన్నింటికన్నా చిన్న సాధనం ‘కదా’: ‘రేపు వస్తున్నారు కదండీ?’ అన్న ఒక్క ప్రశ్నలో మొదటి మాట గుర్తుచేయడం, అది మారలేదని చెప్పించుకోవడం రెండూ ఉన్నాయి.

అయితే ‘కదా’కు ఒక పరిమితి ఉంది. అది అవునన్న జవాబును ముందే ఊహిస్తుంది కాబట్టి ఎదుటివారు ఆలోచించకుండానే, మొహమాటానికైనా, అవుననే అవకాశం ఎక్కువ. వివరం నిజంగా ముఖ్యమైనప్పుడు ‘పదింటికే కదా?’ అనకుండా ‘ఎన్నింటికి వస్తున్నారు?’ అని అడగాలి. వివరం వారి నోటి నుంచి వచ్చినప్పుడే అది పునర్ధ్రువీకరణ అవుతుంది.

చెప్పినదాన్ని తిరిగి చెప్పించుకుంటే పునర్ధ్రువీకరణ అయినట్లేనా?

అందులో సగం అయినట్లు. విమానయానంలో నియంత్రణాధికారి ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపించాలి, అధికారి దాన్ని విని సరిచూడాలి. రెండో భాగం లేకపోతే మొదటిది నిలవదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించిన దుర్ఘటనకు దారితీసిన కారణాల్లో మాటల అస్పష్టత ఒకటి. వాటిలో ఒకటైన కేఎల్ఎం విమానం పైలట్ తమకు అందిన మార్గానుమతిని (ఎగిరాక ఏ దారిలో వెళ్లాలో చెప్పేది, టేకాఫ్‌కు అనుమతి కాదు) తిరిగి చదువుతూ, చివర తాము టేకాఫ్‌లో ఉన్నామనే అర్థం వచ్చేలా ఒక మాట చేర్చాడు. విమానం రన్‌వే చివర సిద్ధంగా నిలిచి ఉందని అధికారి దాన్ని అర్థం చేసుకున్నాడు. ఆగమని ఆయన చెప్పిన మాట, అదే క్షణంలో రెండోదైన పాన్ ఆమ్ విమానం పంపిన సందేశంతో కలిసి రేడియోలో చెదిరిపోయింది. ఆ తరువాత, టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అన్న మాటనే పలకరాదన్న పద్ధతి విమానయానంలో స్థిరపడింది. తిరిగి చెప్పడం వల్ల మాట చేరిందని తెలుస్తుంది. అదే అర్థంలో చేరిందో లేదో తెలియడానికి విన్నవారు సరిచూడాలి.

ఉత్తరంలో మర్యాదగా ఎలా అడగాలి?

‘పునర్ధ్రువీకరించండి’ అన్నది ఆజ్ఞలా వినిపించవచ్చు. ‘దయచేసి మరోసారి ధ్రువీకరించగలరు’ అన్నది అధికార లేఖలకు సరిపోతుంది. పెద్దవారికి రాసేటప్పుడు ఎందుకు మళ్లీ అడుగుతున్నామో ఒక వాక్యం చేర్చడం మంచిది; కారణం లేకుండా రెండోసారి అడిగితే వారి మొదటి మాటను నమ్మలేదన్న భావం కలుగుతుంది. ‘ఆహ్వానపత్రం అచ్చుకు పంపుతున్నందున, మీరు తెలియజేసిన తేదీని మరోసారి ధ్రువీకరించవలసిందిగా మనవి’ అంటే నొప్పించదు.

పాస్‌వర్డ్ రెండోసారి అడిగే గడి మీద ఏం రాయాలి?

‘పాస్‌వర్డ్‌ను మళ్లీ టైప్ చేయండి’ అని రాయడం మేలు. అక్కడ ఎవరూ దేనికీ పూచీ పడడం లేదు. వేలు తప్పిందో లేదో యంత్రం పోల్చి చూస్తోంది, అంతే.

## రాసినదాన్ని సరిచూసుకునే దశలో

‘మళ్లీ పునర్ధ్రువీకరించారు’లో తప్పేముంది?

‘పునర్’ అన్నా ‘మళ్లీ’ అన్నా ఒకటే కాబట్టి పునరుక్తి దోషం. ‘తిరిగి పునఃప్రారంభం’ కూడా అలాంటిదే. నిజంగా మూడోసారి ధ్రువీకరించి ఉంటే ‘మూడోసారి ధ్రువీకరించారు’ అని లెక్క చెప్పడమే స్పష్టం.

నా లేఖలో వాక్యం బరువుగా ఉంది. ఎలా దిద్దుకోవాలి?

ఇటువంటి లేఖల్లో తరచుగా కనిపించే తరహా వాక్యాన్ని ఒకదాన్ని చూద్దాం: ‘మీ యొక్క హాజరును మళ్లీ తిరిగి పునర్ధ్రువీకరించుకోవలసిందిగా కోరడమైనది.’ ‘యొక్క’ లేకుండానే ‘మీ హాజరు’ పూర్తి అర్థం ఇస్తుంది కాబట్టి అది పోవాలి. ‘మళ్లీ’, ‘తిరిగి’, ‘పునర్’ మూడూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి ఉంటే చాలు. హాజరయ్యే వ్యక్తే పూచీ ఇవ్వాలి కాబట్టి ‘కొను’ తప్పు. ‘కోరడమైనది’ అన్నప్పుడు కోరినది ఎవరో తెలియదు. ఇంతకుముందే వస్తామని చెప్పినవారికి రాస్తున్నామని కూడా ఎక్కడా లేదు. ఇవన్నీ దిద్దితే ఇలా ఉంటుంది: ‘సమావేశానికి వస్తామని మీరు గత నెల తెలియజేశారు, ఆ సంగతిని సోమవారంలోగా మరోసారి ధ్రువీకరించవలసిందిగా కోరుతున్నాం.’ వాక్యం కొంచెం పెరిగింది గాని, ఎవరు, ఏది, ఎప్పటిలోగా ధ్రువీకరించాలో అందులో ఉంది.